రబ్బరు కాలిపోయాక ఆ బెజ్జంలో ఏం మిగులుతుంది?

ప్రశ్న: కిట్ తెప్పించుకుని రెండు సీట్ల చిన్న విమానం సొంతంగా కట్టుకుంటున్నాను. ఇంజను ముందు ఉంటుంది, దానికీ క్యాబిన్‌కీ మధ్య మంటను ఆపే రేకు గోడ (ఫైర్‌వాల్) ఉంటుంది. ఫైర్‌వాల్‌కి ఒకే పెద్ద బెజ్జం వేసి, దాని అంచుకి రబ్బరు గ్రోమెట్ (వలయం) పెట్టి, స్టార్టర్ కేబులు, ఆల్టర్నేటర్ వైరు, మాగ్నెటో (ఇంజనుకి స్పార్క్ ఇచ్చే పరికరం) వైర్లు, టెంపరేచర్ సెన్సార్ల వైర్లు అన్నీ అందులోంచే తీసుకెళ్లి, సందుల్లో హై టెంపరేచర్ సిలికాన్ నింపేద్దామనుకుంటున్నాను. కార్లలో ఇలాగే ఉంటుంది కదా అంటున్నాడు మా స్నేహితుడు. సరిపోతుందా సార్?

జవాబు: సరిపోదండీ. కార్ల గురించి మీ స్నేహితుడు చెప్పింది నిజమే. కానీ కారులో పొగ వస్తే పక్కకు ఆపి దిగిపోతాం. గాల్లో ఉన్నప్పుడు దిగడానికి చోటు వెతుక్కోవాలి, కిందికి రావాలి. అంతసేపూ మీ కాళ్లకీ మంటకీ మధ్య ఉండేది ఆ రేకు ఒక్కటే.

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ వాళ్లవి, 2017 దాకా ఉన్న పాత పార్ట్ 23 (చిన్న విమానాల) నిబంధనల్లో ఫైర్‌వాల్‌కి 0.38 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు ఉంటే చాలు, వేరే పరీక్ష అక్కర్లేదు అని ఉంది. ఇంకేదైనా వాడాలంటే సుమారు 1,100 డిగ్రీల సెల్సియస్ మంటను కనీసం 15 నిమిషాలు ఆపగలదని చూపించాలి. రేకుకి ఎక్కడ కన్నం పడినా దాన్ని కూడా మంటకు తట్టుకునే ఫిట్టింగుతోనే బిగుతుగా మూయాలని ఆ నిబంధనే చెబుతుంది. ఇది ఫ్యాక్టరీ విమానాల రూలు, ఇంట్లో కట్టుకునేవాటికి అక్కడ వర్తించదు. వర్తించదు కాబట్టి వదిలేద్దాం అనేవాళ్లతో నాకు పేచీ. మంట మన సర్టిఫికెట్ చూసి మండదు కదా.

ఎవరి ఫైర్‌వాల్ చూసినా నేను ఒక్కో బెజ్జం దగ్గరా ఆగి ఒకటే అడుగుతాను: ఇక్కడ మెత్తగా ఉన్నదంతా కాలి రాలిపోతే ఏం మిగులుతుంది? మీ ప్లాన్‌కి ఇదే ప్రశ్న వేద్దాం. రబ్బరు ముందే పోతుంది. సిలికాన్ ట్యూబు మీద రాసి ఉండే హై టెంపరేచర్ అంటే సుమారు 300 డిగ్రీల మాట, 1,100 సంగతి కాదు. విమానాల్లో వాడే మంచి టెఫ్‌జెల్ వైరు తొడుగు కూడా 150 డిగ్రీల రేటింగుదే. ఇవన్నీ పోయాక మిగిలేది ఓ పెద్ద కన్నం, దాని పదునైన స్టీలు అంచు మీద వాలిన బోడి రాగి తీగలు. వాటిలో ఒకటి నేరుగా బ్యాటరీ నుంచి వచ్చేది. మంటకు దారి ఇవ్వడమే కాక పక్కనే వెల్డింగ్ కూడా మొదలుపెట్టినట్టు.

చేయాల్సిన పని పెద్ద కష్టమేమీ కాదు. అంచు ఉన్న స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టం తీసుకోండి, ఐదారు సెంటీమీటర్ల పొడవు చాలు. దాన్ని ఇంజను వైపు పొడుచుకొచ్చేలా రేకుకి బిగించండి. బిగించేది స్టీలు బోల్టులతోనో స్టీలు రివెట్లతోనో. చేతికి దొరికాయని అల్యూమినియం పాప్ రివెట్లు కొట్టేవాళ్లున్నారు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, రివెట్లు కారిపోతే అంత ఖరీదైన గొట్టమూ ఊడి కింద పడుతుంది. తర్వాత వైర్ల కట్టను గొట్టంలోంచి అవతలికి తీసుకెళ్లి, గొట్టమూ కట్టా రెండూ కప్పేలా ఫైర్‌స్లీవ్ (మంటను తట్టుకునే గొట్టంలాంటి తొడుగు) తొడగండి. గొట్టం మీద ఒక స్టీలు క్లాంపు, స్లీవు చివర వైర్ల మీద ఇంకొకటి. రెండు కొసల్లోనూ సందుల్లో వేడికి ఉబ్బి కన్నాన్ని పూడ్చే రకం ఫైర్ సీలెంట్ కూరండి. అప్పుడు లోపల తొడుగు మాడినా మంట ఇవతలికి రాదు. గొట్టం కాస్త పెద్దదే ఎంచుకోండి. ఎగరడం మొదలుపెట్టాక ఇంకో రెండు సెన్సార్లు పెట్టాలనిపించని బిల్డరు నాకింతవరకు తగల్లేదు.

స్టార్టర్ కేబుల్‌ని మాత్రం ఈ గుంపులో కలపకండి. దానికి వేరే బెజ్జం, వేరే గొట్టం. బ్యాటరీ క్యాబిన్ వైపు ఉంటే మాస్టర్ కాంటాక్టర్‌ని (బ్యాటరీ కరెంటును మొత్తంగా ఆపే స్విచ్చి) బ్యాటరీ పక్కనే పెట్టండి. మాస్టర్ ఆపగానే ఫైర్‌వాల్ దాటే కేబులు చచ్చిపోవాలి. ఆల్టర్నేటర్ లావు వైరుకి ఫ్యూజు ఆల్టర్నేటర్ దగ్గర పెడితే లాభం లేదు. షార్ట్ అయితే దాన్ని మండించేది బ్యాటరీ, కాబట్టి ఫ్యూజు బ్యాటరీ నుంచి కరెంటు వచ్చే కొస దగ్గర ఉండాలి.

మాగ్నెటోని ఆపడానికి స్విచ్చి దాకా వెళ్లే వైరు సంగతి కొత్తవాళ్లకి తిరకాసుగా ఉంటుంది. మామూలు వైరు తెగితే పరికరం ఆగుతుంది. ఇది ఎర్త్‌కి తగిలితే మాగ్నెటో ఆగుతుంది, తెగిపోతే ఎప్పటికీ ఆన్‌లోనే ఉంటుంది. బెజ్జం అంచుకి ఒరుసుకుని తొడుగు చిరిగితే గాల్లో ఒక మాగ్నెటో పోతుంది. అక్కడే పుటుక్కున తెగితే ఇంకా ప్రమాదం: తాళం తీసి జేబులో వేసుకున్నా, ఎవరో ప్రొపెల్లర్ మీద చెయ్యి వేసి కదిపితే ఇంజను అందుకోవచ్చు. అందుకే షీల్డు ఉన్న వైరు వాడి, ఫైర్‌వాల్‌కి రెండు వైపులా దగ్గరగా రబ్బరు పొర ఉన్న క్లాంపులతో పట్టి ఉంచండి. క్లాంపుకీ ఇంజనుకీ మధ్య మాత్రం వైరు వదులుగా ఉండాలి, స్టార్ట్ చేసేటప్పుడు ఇంజను ఎంత ఊగుతుందో చూశారు కదా.

ఎగ్జాస్ట్ టెంపరేచర్ వైర్లను మధ్యలో కత్తిరించి మామూలు రాగి వైరుతో అతకొద్దు. అవి థర్మోకపుల్ వైర్లు, ప్రత్యేక లోహాలవి. వేరే లోహం అతికితే ఆ అతుకు వేడిని బట్టి మీటరు రీడింగు తప్పుతుంది. మీటరు దాకా అదే రకం వైరు వెళ్లాలి.

ఎర్త్ కోసం ఫైర్‌వాల్ రేకునే నమ్ముకోకండి, స్టెయిన్‌లెస్ స్టీల్ కరెంటుకి అంత మంచి దారి కాదు. రేకులోంచి ఒక లావు ఇత్తడి బోల్టు దించి, ఇటు బ్యాటరీ నెగటివు, అటు ఇంజను నుంచి అల్లిక స్ట్రాపు దానికే బిగించండి. ఇత్తడి కరగదా అని మీరు అడక్కముందే చెబుతాను: స్టీలు, రాగి మిశ్రమాల ఫిట్టింగులను ఆ పాత నిబంధన పరీక్ష లేకుండానే ఒప్పుకుంటుంది. ఈ స్ట్రాపు మర్చిపోతే ఇంజను రబ్బరు మౌంట్ల మీద ఉంటుంది కాబట్టి, స్టార్టర్ లాగే వందల ఆంపియర్లు థ్రాటిల్ కేబులు గుండా తిరిగొస్తాయి. కేబులు మాడి పట్టేస్తుంది.

బెజ్జం వేసేటప్పుడు డ్రిల్లు స్పీడు తగ్గించి, గట్టిగా నొక్కి, కటింగ్ ఆయిల్ పోస్తూ ఉండండి. మెలికలు తిరిగిన పొడుగు పేలికలు వస్తుంటే పని సరిగ్గా నడుస్తోంది. కీచుమని అరుస్తూ పొడి రాలుతుంటే వెంటనే ఆపండి. స్టెయిన్‌లెస్ అలా రాపిడికి గట్టిపడిపోతుంది, ఆ తర్వాత కొత్త బిట్టు కూడా దిగదు. అంచులు రెండు వైపులా ఆకురాయితో నునుపు చేయండి. అంతా మూశాక చీకట్లో ఇంజను వైపు లైటు పెట్టి క్యాబిన్‌లో కూర్చుని చూడండి. వెలుతురు ఎక్కడ కనిపిస్తే అక్కడినుంచి మంట రాకముందే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు.

ప్రశ్న: ఇంజను మోత తగ్గడానికి ఫైర్‌వాల్‌కి క్యాబిన్ వైపు ఫోమ్ షీటు అంటించవచ్చా?

జవాబు: వద్దు. అవతల మంట ఉంటే రేకు తట్టుకుంటుంది గానీ ఎర్రగా కాగుతుంది. ఫోమూ దాని జిగురూ ఇవతలే అంటుకుంటాయి, పొగ నేరుగా మీ ముఖానికి కొడుతుంది. తప్పదనుకుంటే ఇంజను వైపు సెరామిక్ ఫైబర్ పొర వేసి, పైన పల్చటి స్టెయిన్‌లెస్ రేకు కప్పండి. మోతకైతే మంచి హెడ్‌సెట్ కొనుక్కోండి.