పాత ఆర్మీ ట్రైలర్ కోసం 401(కె) లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాను. వయసు 38. హెచ్-1బి మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భార్యకి ఇంకా వర్క్ పర్మిట్ రాలేదు, ఒక పాప. మా నాన్నగారు సికింద్రాబాద్ ఈఎంఈలో (ఆర్మీ బండ్లు, యంత్రాలు రిపేరు చేసే విభాగం) పనిచేసి రిటైరయ్యారు. ఏప్రిల్‌లో వచ్చి ఆరు నెలలు మా దగ్గర ఉంటారు. ఓక్లహోమాలో ఒకాయన ఎం416 అనే పాత ఆర్మీ ట్రైలర్‌ని 1,800 డాలర్లకు అమ్ముతున్నాడు. నాన్నగారూ నేనూ కలిసి దాన్ని బాగుచేసి, మా రాంగ్లర్ జీప్ వెనక తగిలించుకుని క్యాంపింగ్‌కి వెళ్లాలని ఆశ. రిపేరుకి 2,500 వేసుకున్నాను. తర్వాత 6,500కి అమ్మొచ్చు అనుకుంటున్నా. బాగుంటే ఏడాదికి ఒకటో రెండో ఇలాగే కొని, బాగుచేసి అమ్మాలని ఆలోచన. డబ్బు కోసం 401(కె), అంటే ఉద్యోగంలో దాచుకునే రిటైర్‌మెంట్ ఖాతా నుంచి 5,000 లోన్ తీసుకుందామనుకుంటున్నాను. కార్డు బాకీ 7,400 ఉంది, వడ్డీ 24 శాతం. సేవింగ్స్‌లో 14,000. ఇంటి ఖర్చు నెలకు 5,800. అన్నీ పోగా 1,100 మిగులుతుంది, కార్డుకి మినిమం కట్టేది అందులోంచే. మార్చిలో బోనస్ చేతికి 5,000 వస్తుంది. పెట్టుబడిగా ఇది మంచిదేనా?

జవాబు: ముందు ఒక చిన్న లెక్క చూడండి. 7,400 మీద 24 శాతం వడ్డీ అంటే నెలకు 148 డాలర్లు, ఏడాదికి 1,776. మీరు మినిమం మాత్రమే కడుతూ పోతే, ఆ ట్రైలర్ ఖరీదంత డబ్బు ఏటా బ్యాంకుకి పోతూనే ఉంటుంది. ట్రైలర్ మాత్రం ఇంటికి రాదు.

మీ ఉత్తరంలో రెండు కోరికలు కలిసిపోయాయి. నాన్నగారితో కలిసి ఒక పాత బండిని బాగుచేసుకోవడం ఒకటి, బండ్లు కొని అమ్మి లాభం చేసుకోవడం ఇంకోటి. మొదటిదానికి సరే అంటాను, ఎలా చెయ్యాలో కూడా చెబుతాను. రెండోదాన్ని ఇక్కడితో వదిలేయండి.

ఎందుకంటే మీరున్నది హెచ్-1బి మీద. మిమ్మల్ని స్పాన్సర్ చేసిన కంపెనీకి పనిచెయ్యడానికే ఆ వీసా. సొంతానికి కొనుక్కున్న ట్రైలర్‌ని ఎప్పుడో ఒకసారి అమ్ముకుంటే ఎవరూ ఏమీ అనరు. ఏడాదికి ఒకటో రెండో కొని, సొంత చేతులతో రిపేరు చేసి లాభానికి అమ్మడం మాత్రం పని చేసినట్టే లెక్కకి వస్తుంది. గ్రీన్‌కార్డు లైన్లో ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ, రెండు వేల డాలర్ల కోసం ఆ టెన్షన్ ఎందుకు? అయినా చెయ్యాలనుంటే నన్ను కాదు, ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. పన్ను కూడా మీ వైపు లేదు. సొంత వాడకానికి కొన్న వస్తువు మీద లాభం వస్తే ట్యాక్స్ కట్టాలి, నష్టం వస్తే రిటర్న్‌లో చూపించి తగ్గించుకోవడం కుదరదు.

ఇక 6,500 అన్న అంకె. అంత డబ్బిచ్చి కొనేది ఎవరో ఆలోచించారా? 1940లో అమెరికా సైన్యానికి మొదటి జీప్ తయారుచేసి ఇచ్చింది పెన్సిల్వేనియాలోని బట్లర్ ఊళ్లో ఉన్న అమెరికన్ బాంటమ్ కంపెనీ. పెద్ద ఆర్డర్లు మాత్రం విల్లీస్‌కీ ఫోర్డ్‌కీ వెళ్లాయి. బాంటమ్‌కి మిగిలింది జీప్ వెనక లాగే పావు టన్ను ట్రైలర్ల పని. రెండో ప్రపంచయుద్ధం నాటి ఆ బాంటమ్ ట్రైలర్‌కి కలెక్టర్లు ఉన్నారు. వాళ్ల దగ్గర అప్పటి జీప్ ఉంటుంది, దాని వెనకకి అప్పటి ట్రైలరే కావాలి. మీ ఎం416 అలా కాదు. అది తర్వాతి తరం ఎం151 జీప్‌కి జోడీ. ఎం151 మలుపుల్లో తిరగబడుతుందన్న భయంతో సైన్యం చాలా బండ్లని మామూలు జనానికి అమ్మకుండా కోసేసింది. జోడీ కోసం వెతికే కలెక్టర్లు అందుకే తక్కువ. ఎం416 కొనేవాళ్లలో ఎక్కువమంది మీలాగా క్యాంపింగ్‌కి వెళ్లేవాళ్లే. వాళ్లకి కావలసింది గట్టి చట్రం, కారని టబ్ (సామాన్లు పెట్టే తొట్టి), వెలిగే లైట్లు. ఆలివ్ రంగు సరైన షేడ్‌లో ఉందా, టైర్లు అప్పటి మిలిటరీ నమూనావేనా అన్నవాటికి వాళ్లు ఎక్కువ డబ్బివ్వరు. ఈ మోడల్‌ని మ్యూజియం బండిలా తయారుచేస్తే, పెట్టిన ఖర్చు తిరిగి రావడం కష్టం.

401(కె) లోన్ సంగతి. ‘వడ్డీ మనకే వస్తుంది కదా’ అని అందరూ అనే మాటే మీరూ అనుకుని ఉంటారు. ఉద్యోగం ఉన్నంతకాలం అది నిజమే. ఉద్యోగం పోతే చాలా ప్లాన్లలో మిగిలిన బాకీని మీరు తీసేసుకున్నట్టు లెక్క రాసేస్తుంది. ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోపు, ఎక్స్‌టెన్షన్ తీసుకుంటే ఆ గడువులోపు, అంత డబ్బూ వేరే రిటైర్‌మెంట్ ఖాతాలో వెయ్యలేకపోతే దాని మీద ఇన్‌కమ్ ట్యాక్స్ పడుతుంది. 59న్నర ఏళ్లు నిండలేదు కాబట్టి 10 శాతం పెనాల్టీ అదనం. హెచ్-1బి వాళ్లకి ఉద్యోగం పోయాక ఇక్కడ ఉండటానికి దొరికేది మహా అయితే 60 రోజులు. మీ 14,000 సేవింగ్స్ మీ ఇంటి ఖర్చుకి రెండున్నర నెలలు కూడా రాదు. ఒక్క జీతం మీద నడిచే ఇల్లు. ఆ 60 రోజుల్లో అద్దె, కొత్త ఉద్యోగం వెతుకులాట, దొరక్కపోతే టికెట్లు, సామాన్లు. వీటి మధ్యకి ట్రైలర్ అప్పు తీసుకురావద్దు.

కాబట్టి ఇలా చెయ్యండి. ఈ అక్టోబర్ నుంచి నెలకి మిగిలే 1,100 మొత్తం కార్డుకే కట్టండి, ఆ కార్డు మీద కొత్తగా ఏమీ కొనకండి. మార్చి చెల్లింపు అయ్యేసరికి బాకీ సుమారు 1,400కి దిగుతుంది. బోనస్‌లోంచి అది తీర్చేస్తే 3,600 మిగులుతుంది. కొన్నాళ్లు సున్నా వడ్డీ ఇచ్చే కార్డుకి బాకీ మార్చుకోగలిగితే ఇంకా మంచిది. మార్చినందుకు 3 నుంచి 5 శాతం ఫీజు తీసుకుంటారు. 3 శాతమైతే 222 డాలర్లు, ఆరు నెలల వడ్డీ అంతకి రెట్టింపు పైనే. కొత్త కార్డు చేతికొచ్చాక పాతది ఖాళీగా ఉందికదా అని గీకడం మొదలుపెడితే మాత్రం ఈ సలహా అడ్డం తిరుగుతుంది.

ఆ 3,600లోంచి ముందు తీసి పక్కన పెట్టాల్సింది నాన్నగారి విజిటర్ మెడికల్ ఇన్సూరెన్స్ డబ్బు. మీ లెక్కలో అది కనబడలేదు. ఆయన వయసుకి తక్కువ ప్రీమియంకి దొరికే ప్లాన్లు చాలావరకు ఒక్కో వైద్యానికి ఇంత అని కట్టి చేతులు దులుపుకునేవే. బిల్లులో ఇంత శాతం భరిస్తామనే కాంప్రహెన్సివ్ ప్లాన్ తీసుకోండి. బీపీ, షుగర్ లాంటివి ముందే ఉంటే వాటికి ఏం వర్తిస్తుందో, ఏం వర్తించదో కాగితం మీద చదవండి. దానికి వెయ్యి డాలర్లు అనుకుందాం. ట్రైలర్‌కి 2,600 మిగిలింది. ఏప్రిల్ నుంచి కార్డు గోల ఉండదు కాబట్టి నెలకి 800 ఎమర్జెన్సీ ఫండ్‌కీ 300 ట్రైలర్‌కీ. ఆరు నెలలకి 1,800. మొత్తం 4,400. మీరు మొదట వేసుకున్న 4,300కి ఇది దగ్గరే, కాకపోతే ఇందులో అప్పు లేదు. ఈ 4,400 దాటితే పని ఆపాలి.

మీ 2,500 రిపేరు లెక్కలో లేనివి కొన్ని ఉన్నాయి. అందరూ ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఈ ట్రైలర్ ముందుభాగంలో ఉండేది ఇనుప కడియం, లునెట్ అంటారు. అది పింటిల్ హుక్‌కి తగులుకుంటుంది. మీ రాంగ్లర్‌కి ఉన్న బాల్ హిచ్‌కి (ట్రైలర్ తగిలించే ఇనుప గుండు) పట్టదు. పింటిల్, బాల్ రెండూ ఉన్న హిచ్ కొనాలి, లేదా ట్రైలర్‌కే ఆ కడియం తీసి బాల్‌కి పట్టే కప్లర్ పెట్టాలి. దాని లైట్లు 24 వోల్టులవి, మిలిటరీ ప్లగ్గుతో ఉంటాయి. మీ బండి 12 వోల్టులది. లైట్లు, వైరింగ్ మార్చక తప్పదు. ఓక్లహోమా నుంచి రెడ్ రివర్ దాటించి తేవాలంటే పాత టైర్ల మీద హైవే ఎక్కించకండి. టైరు పక్కన ‘డాట్’ అని ఉన్నచోట చివరి నాలుగంకెలు చూడండి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నాలుగు బదులు మూడే అంకెలుంటే ఆ టైరు పోయిన శతాబ్దానిది. అలాంటివైతే ఇంకో ట్రైలర్ అద్దెకి తీసుకుని, దాని మీద ఎక్కించుకు రండి.

ఇంకోటి మీ హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం. ఫ్రిస్కో చుట్టుపక్కల చాలా కాలనీల్లో ట్రైలర్‌ని డ్రైవ్‌వేలో వదిలితే నోటీసొస్తుంది. గరాజ్‌లో పట్టకపోతే బయట స్టోరేజ్ కావాలి. నెలకి 90 డాలర్లు అనుకున్నా ఏడాదికి 1,080, మీరు కలలుగన్న లాభంలో సగం. కొనకముందే గరాజ్ కొలవండి, హెచ్‌ఓఏ రూల్సు చదవండి.

బేరానికి వెళ్లినప్పుడు రంగు చూడకండి, కింద పడుకుని చూడండి. ఈ టబ్ నీళ్లు లోపలికి రాకుండా కట్టినది. అందుకే పైనుంచి పడ్డ వాన కూడా బయటికి పోదు. అడుగున నీళ్లు వదలడానికి బిరడాలుంటాయి. పాతికేళ్లు పెరట్లో పడున్న బండిలో అవి ఆకులతో, మట్టితో పూడిపోయి ఉంటాయి, నీళ్లు అక్కడే నిలిచి రేకుని తినేస్తాయి. బిరడాల చుట్టూ, టబ్ చట్రం మీద కూర్చునే చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. టంగుమంటే ఇనుము. పొరలుగా రాలితే వెల్డింగ్ ఖర్చు. మీ బడ్జెట్‌ని మింగేది ఆ వెల్డింగే, కాబట్టి 1,800 పెట్టి తుప్పుది కొనేకన్నా, 2,300 పెట్టి అడుగు బాగున్నది కొనడం చవక. చక్రాన్ని జాకీ మీద లేపి అటూ ఇటూ కదిపించండి. లొడలొడలాడితే బేరింగులు మార్చాలి. అది పెద్ద ఖర్చు కాదు, పైగా ఈఎంఈలో పనిచేసిన మనిషి పక్కనుంటే మధ్యాహ్నం పని.

కాగితాల విషయం. టైటిల్ (యాజమాన్య పత్రం) లేదంటాడేమో, కంగారుపడకండి. మొత్తం బరువు 4,000 పౌండ్ల లోపు ఉండే ట్రైలర్‌కి టెక్సాస్‌లో టైటిల్ తప్పనిసరి కాదు. ఎం416 ఖాళీ బరువు 600 పౌండ్ల లోపే. రోడ్డు మీద తిప్పాలంటే రిజిస్ట్రేషన్ మాత్రం కావాలి. సంతకం చేసిన బిల్ ఆఫ్ సేల్ (అమ్మకం కాగితం), అందులో సీరియల్ నంబరు, ఆ నంబరు ట్రైలర్ మీది డేటా ప్లేటుతో (వివరాలు చెక్కిన రేకు) సరిపోవడం, ఈ మూడూ చూసుకోండి. సైన్యం వేలంలో అమ్మినప్పుడు ఇచ్చే స్టాండర్డ్ ఫారం 97 గనక ఆయన దగ్గరుంటే అదృష్టం. డబ్బిచ్చే ముందే మీ కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి ఫోన్ చేసి ఏమేం కావాలో అడగండి. ఫ్రిస్కో రెండు కౌంటీల్లో ఉంది, మీ ఇల్లు కాలిన్‌లో ఉందో డెంటన్‌లో ఉందో చూసుకుని చెయ్యండి.

పని మొదలుపెట్టాక ఒకటే షరతు: బండిని మొత్తం విప్పి పరచకండి. ముందు బేరింగులు, టైర్లు, లైట్లు, హిచ్. అక్కడితో అది రోడ్డెక్కుతుంది. నాన్నగారితో మొదటి క్యాంపింగ్ రంగు లేకుండానే వెళ్లండి. టబ్ రిపేరు ఆ తర్వాత, రంగు అన్నిటికన్నా చివర, డబ్బు మిగిలితేనే. రేపు ఉద్యోగం అటూ ఇటూ అయితే నడిచే ట్రైలర్ వారం రోజుల్లో అమ్ముడుపోవచ్చు. గరాజ్‌లో పెట్టెల నిండా ఉన్న విడిభాగాలకి మీరు పెట్టినదాంట్లో సగం కూడా రాకపోవచ్చు.

రంగు గురించి ఇంకో మాట, ఇది డబ్బుది కాదు. పాత మిలిటరీ రంగుల్లో సీసం ఉండొచ్చు. 1980ల నుంచి వాడిన కార్క్ (సీఏఆర్‌సీ) అనే మిలిటరీ పూతనీ దాని కింది ప్రైమర్నీ గీకితే వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. పాప ఆడుకునే గరాజ్‌లో శాండింగ్ మెషిన్ పెట్టొద్దు. ఆ పని తెలిసిన బ్లాస్టింగ్ షాపుకే ఇవ్వండి, ముందే రంగు సంగతి చెప్పి కొటేషన్ తీసుకోండి. ఆ కొటేషన్ 4,400 దాటిస్తే రంగు వచ్చే ఏడాదికి.

ఇన్సూరెన్స్ ఏజెంట్‌కి కూడా ఒక ఫోన్. లాగుతున్నప్పుడు ఎదుటివాళ్లకి జరిగే నష్టం సాధారణంగా మీ కారు పాలసీలోనే వస్తుంది. ట్రైలర్‌కి జరిగే నష్టం, దొంగతనం రావు. వాటికి విడిగా తీసుకోవాలా వద్దా అన్నది ప్రీమియం విన్నాక ఆలోచించండి. ఈ ధరలో బండికి నేనైతే తీసుకోను, మంచి తాళం కొంటాను.

ఓక్లహోమా ఆయనకి ఈ వారమే మెసేజ్ పెట్టండి. డేటా ప్లేటు, టబ్ అడుగు కింద నుంచి, రెండు టైర్ల మీది డాట్ అంకెలు, ఈ ఫోటోలు అడగండి. నచ్చితే మార్చి ఆఖర్లో క్యాష్ తీసుకుని వస్తానని చెప్పండి, అడ్వాన్సు పంపకండి. ఈలోగా ఎవరైనా కొనుక్కుపోతే పోనివ్వండి. వీటిని వేల సంఖ్యలో చేశారు, ఏప్రిల్‌కి ఇంకొకటి కనబడుతుంది. అప్పుడు చూడటానికి నాన్నగారిని కూడా తీసుకెళ్లొచ్చు, స్క్రూడ్రైవర్ ఆయన చేతికే ఇవ్వండి.