కర్నళ్లకూ, జాయింట్ సెక్రటరీలకూ పాఠం చెప్పబోయే సుధకు

చి. సుధకు ఆశీస్సులు.

పొరుగు దేశాల గురించి చెప్పమని సికింద్రాబాద్ సీడీఎం వాళ్లు పిలిచారనీ, ఆ తర్వాత ఢిల్లీ ఎన్‌డీసీలో కూడా ఒక లెక్చర్ ఉందనీ రాశావు. చాలా సంతోషమమ్మా. నువ్వు పంపిన స్లైడ్లు చూశాను. సగానికి పైగా తీసెయ్యాలి. ఎందుకో చెబుతాను, కోపం తెచ్చుకోకు.

ముందు ఎదురుగా కూర్చునేవాళ్లెవరో తెలుసుకో. సైనిక్‌పురిలోని కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ 1970 నుంచి ఉంది. అక్కడి పెద్ద కోర్సుకు వచ్చేది కర్నల్ స్థాయి వాళ్లు, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లలో దానికి సమానమైన హోదా ఉన్నవాళ్లు. ఢిల్లీలోని నేషనల్ డిఫెన్స్ కాలేజ్ 1960లో పెట్టినది. అక్కడ బ్రిగేడియర్లుంటారు, వాళ్ల పక్కనే ఐఏఎస్, ఐపీఎస్, ఐఎఫ్ఎస్ అధికారులు దాదాపు ఏడాది పాటు కలిసి చదువుతారు. గల్వాన్ దగ్గర చలికాలం గడిపి వచ్చినవాడికి నువ్వు గల్వాన్ మ్యాప్ చూపిస్తే తాతకు దగ్గులు నేర్పినట్టే. చైనా దగ్గర ఎన్ని జలాంతర్గాములున్నాయో చెప్పే స్లైడ్ కూడా అంతే. నేవీ వాళ్లు మర్యాదగా తలూపుతారు, అంతటితో సరి.

వాళ్ల దగ్గర సమాచారానికి కొదవ లేదు. అలవాటు లేనిది ఒక్కటే: పొరుగువాడి రాజధానిలో కూర్చుని ఢిల్లీ వైపు చూడటం. పాతికేళ్లు మన వైపు నుంచే మ్యాప్ చూసిన కళ్లు వాళ్లవి. ఆ ఒక్క పని నువ్వు చేయగలిగితే చాలు, మిగతాది వాళ్లే చదువుకుంటారు.

ఇది లెక్చర్‌తో జరగదు. హాల్లో అందరికన్నా సీనియర్ ఏం అంటాడోనని మిగతావాళ్లు చూస్తుంటారు, ఎవరూ నోరు విప్పరు. క్లాసును చిన్న గుంపులుగా విడగొట్టి కూర్చోబెట్టే సిండికేట్ రూమ్‌లో పదిమంది ఉన్నప్పుడే అసలు చదువు సాగుతుంది. అందుకే డీఎస్‌ను, అంటే కోర్సు నడిపే డైరెక్టింగ్ స్టాఫ్‌ను, అడిగి లెక్చర్ తర్వాత ఒక గంట సిండికేట్ టైం ఇప్పించుకో. అందులో ఈ నేపాల్ కాగితం పంచు. ఒక్క పేజీ దాటకూడదు.

"ఇది 2015 అక్టోబరు. మీరు నేపాల్ మంత్రివర్గం. ఏప్రిల్ భూకంపంలో దాదాపు తొమ్మిది వేల మంది పోయారు. ఇళ్లు కూలినవాళ్లు ఇంకా రేకుల కింద ఉన్నారు, చలికాలం వస్తోంది. గత నెల 20న కొత్త రాజ్యాంగం ప్రకటించారు. ఇండియా పక్కనున్న తరాయి మైదానాల్లో ఉండే మధేశీలు దాన్ని ఒప్పుకోక సరిహద్దు దగ్గర బైఠాయించారు. మీ పెట్రోలూ గ్యాసూ మొత్తం ఇండియన్ ఆయిల్ నుంచే వస్తాయి. రక్సౌల్–బీర్‌గంజ్ దగ్గర లారీలు ఆగిపోయాయి. మేం ఆపలేదని ఢిల్లీ అంటోంది. చైనా వైపు వెళ్లే రెండు రోడ్లూ భూకంపానికి దెబ్బతిన్నాయి. దశైన్ పండగ దగ్గర పడింది. గంటలో మూడు నిర్ణయాలు రాయండి."

ఇది ఇచ్చినప్పుడల్లా దాదాపు ఒకే తంతు చూశాను. మొదట్లో నవ్వులు, ఎవరు ప్రధానమంత్రి అని జోకులు. కాసేపటికి ఆర్మీ ఇంజనీర్స్ నుంచి వచ్చినాయన ఒకరు చైనా వైపు వెళ్లే కెరుంగ్ రోడ్డు తెరవాలంటే ఎన్ని డోజర్లు, ఎన్ని వారాలు అని లెక్క వేయడం మొదలెడతాడు. ఇంకొకరు ఆస్పత్రుల్లో మందులు ఎన్నాళ్లు వస్తాయని అడుగుతారు. గంట పూర్తయ్యేసరికి బోర్డు మీద "బీజింగ్‌తో రవాణా ఒప్పందం" అని మన అధికారుల చేతిరాతలోనే ఉంటుంది. అప్పుడు ఒక్క స్లైడ్ వెయ్యి: 2016 మార్చిలో నేపాల్ ప్రధాని ఓలీ బీజింగ్ వెళ్లి సంతకం చేసింది సరిగ్గా అలాంటి ఒప్పందం మీదే. వ్యాఖ్యానం ఏమీ చేయకు. ఒక నిమిషం పాటు ఎవరూ మాట్లాడరు, ఆ నిమిషాన్ని నువ్వు మాటలతో నింపకు.

కానీ అక్కడే వదిలేస్తే "అంతా మన తప్పే" అనే ఇంకో రెడీమేడ్ ముగింపుతో లేచిపోతారు. మధేశీల గోడు అబద్ధం కాదు. పౌరసత్వం, నియోజకవర్గాల హద్దుల మీద వాళ్ల అభ్యంతరాలకు కారణాలున్నాయి. రెండో కాగితంలో వాళ్లనే మధేశీ నాయకుల కుర్చీల్లో కూర్చోబెట్టు. చివర్లో 2019లో మొదలైన మోతిహారీ–అమ్లేఖ్‌గంజ్ పైప్‌లైన్ గురించి చెప్పు, బీహార్ నుంచి నేపాల్‌కు ఇంధనం మోసేది. 69 కిలోమీటర్ల గొట్టమే అయినా, ఇంధనం మళ్లీ అలా లారీలతో పాటు ఆగిపోదు కదా అనే భరోసా కాఠ్‌మాండూకు ఎంత అవసరమో అప్పటికి వాళ్లే చెబుతారు.

ఇక శ్రీలంకలోని హంబన్‌టోట పోర్టు. నీ స్లైడ్ మీద ఎర్రక్షరాలతో "అప్పుల ఉచ్చు" అని రాసి ఉంది, అంటే చైనా అప్పు తీర్చలేక పోర్టునే ఇచ్చేశారని. అది తీసెయ్. 2017లో 99 ఏళ్ల లీజుకు చైనా కంపెనీ ఇచ్చిన 112 కోట్ల డాలర్లతో ఆ పోర్టు అప్పు తీరలేదు. ఆ డబ్బు శ్రీలంక విదేశీ మారక నిల్వల్లోకి వెళ్లింది. పోర్టు కట్టడానికి తెచ్చిన అప్పు ప్రభుత్వం నెత్తి మీదే మిగిలింది. వాళ్ల విదేశీ అప్పులో పెద్ద ముక్క చైనాది కూడా కాదు, అంతర్జాతీయ మార్కెట్‌లో అమ్మిన బాండ్లది. 2022 ఏప్రిల్‌లో చేతులెత్తేసింది ఆ భారం మోయలేకే. అలాగని పోర్టుతో మనకు ముప్పు లేదని చెప్పకు. అదే ఏడాది ఆగస్టులో, మనం వద్దని ఎంత చెప్పినా, యువాన్ వాంగ్ 5 అనే చైనా ట్రాకింగ్ నౌక అక్కడికి వచ్చి ఆగింది. ముప్పు నిజమే, కారణం మాత్రం వేరు. రోగం ఒకటైతే మందు ఇంకొకటి రాసే అలవాటు పాలసీ నోట్స్‌లో ఎక్కువ, అది నీ క్లాసులోనైనా ఆగాలి. ఆ సంక్షోభంలో మనం దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం చేశాం. ఆ సాయం తర్వాత కూడా ఆ నౌక ఎందుకొచ్చిందో సిండికేట్‌లో అడుగు. కొలంబోకు ఇద్దరూ కావాలి కాబట్టి అనే జవాబు కాస్త ఆలస్యంగా వస్తుంది, కానీ వస్తుంది.

బంగాళాఖాతం గురించి నీ స్లైడ్లలో ఒక్క ముక్క లేదు. నువ్వు విశాఖ పిల్లవి, ఇదేం పని? 2014 జులైలో హేగ్ ట్రిబ్యునల్ మనకూ బంగ్లాదేశ్‌కూ మధ్య సముద్ర సరిహద్దు తేల్చింది. వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 వాళ్లకు పోయింది. మనం గొడవ చేయకుండా ఒప్పుకున్నాం. సరిగ్గా రెండేళ్లకు దక్షిణ చైనా సముద్రం మీద వచ్చిన తీర్పును బీజింగ్ చెత్తకాగితంతో సమానమంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి, అదే సముద్రంలో చైనాతో తగాదా ఉన్న వియత్నాం రాజధాని హనోయ్‌లో కూర్చున్నవాడు ఏమనుకుంటాడని అడుగు.

మయన్మార్‌కు కూడా పది నిమిషాలివ్వు. 1962 తర్వాత రంగూన్ వదిలి వచ్చినవాళ్ల బర్మా క్యాంపు మీ ఊళ్లోనే ఉంది. సిత్వే పోర్టు మనం కట్టాం. అక్కడి నుంచి మిజోరం దాకా నదీ, రోడ్డూ కలిపి మనం వేస్తున్న కలదాన్ దారి పూర్తి కావాలంటే పలెత్వా మీదుగా పోవాలి. 2024 జనవరిలో ఆ ఊరు అక్కడి సైనిక ప్రభుత్వంతో పోరాడే అరకాన్ ఆర్మీ చేతికి చిక్కింది. ఇప్పుడు ఎవరితో మాట్లాడాలి? దీనికి నా దగ్గరా జవాబు లేదు, అందుకే మంచి ప్రశ్న అంటున్నాను.

ఢిల్లీ క్లాసులో ఐఏఎస్ వాళ్లు ఇది విదేశాంగ శాఖ ఫైలు, మాకెందుకు అన్నట్టు కూర్చుంటారు. వాళ్లకు శ్రీకాకుళం చెప్పు. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకెళ్లిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. ఆ ఇళ్ల ఆడవాళ్లు ముందు వచ్చి నిలబడేది కలెక్టరాఫీసు దగ్గరే. బంగ్లాదేశ్‌తో తీస్తా నదీజలాల ఒప్పందం 2011లో ఆగింది కోల్‌కతా అభ్యంతరంతో. ఈ రెండు చాలు, ఫైలు ఎవరిదో వాళ్లే వెతుక్కుంటారు.

అన్నట్టు, నామినల్ రోల్, అంటే క్లాసులో ఉండేవాళ్ల పేర్ల జాబితా, ముందే అడిగి తెప్పించుకో. మిత్రదేశాల అధికారులు కూడా క్లాసులో ఉంటారు. నేపాల్ కర్నలో బంగ్లా బ్రిగేడియరో మూడో వరసలో కూర్చుని ఉండగా "మన పెరడు" లాంటి మాట నీ నోట రాకూడదు. వాళ్లను లేపి "మీ దేశం ఏమంటుంది?" అని కూడా అడగకు. పది మందిలో వాళ్లు తమ ప్రభుత్వం లైనే చెబుతారు, పాపం ఇంకేం చేస్తారు. టీ బ్రేక్‌లో వెళ్లి పలకరించు. అక్కడ విన్నదాన్ని క్లాసులో వాళ్ల పేరుతో వాడకు. చాటమ్ హౌస్ రూల్ (విన్నది వాడుకోవచ్చు, ఎవరన్నారో చెప్పకూడదు) అని బోర్డు పెట్టేది ఊరికే కాదు. పోడియం దగ్గర ఫొటో తీసుకుని లింక్డిన్‌లో పెట్టడం కూడా మానుకో, నీ వయసు వాళ్లందరికీ ఉన్న జబ్బు అది.

ప్రశ్నల దగ్గర ఒకటి తప్పకుండా వస్తుంది: "సో వాట్, మేడమ్? మమ్మల్ని ఏం చేయమంటారు?" టెన్షన్ పడకు, వాళ్ల శిక్షణే అంత. ఏ నౌక ఎక్కడ పెట్టాలో నువ్వు చెప్పకు, అది నీ పని కాదు. ఈ నిర్ణయం తీసుకుంటే ఢాకాలో ఎవరు బలపడతారు, ఎవరు బలహీనపడతారు, ఆ మాట మాత్రం గట్టిగా చెప్పు. రహస్య సమాచారం తెలిసినట్టు నటించకు, వెంటనే పట్టేస్తారు.

పదకొండు గంటలంటే పది యాభైకే హాల్లో ఉండు. నలభై నిమిషాల్లో ముగించి మిగతా టైం ప్రశ్నలకు వదిలెయ్. ఫోనూ పెన్‌డ్రైవూ గేటు దగ్గరే ఆపొచ్చు, కాబట్టి స్లైడ్లు ముందుగా మెయిల్ చెయ్. బయోడేటా ఐదు లైన్లు మించనీయకు, ఎవరో నిలబడి మొత్తం చదువుతారు.

నేపాల్ కాగితం నీ మాటల్లో రాసి ఆదివారంలోపు పంపు. పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైలైతే నేను దిద్దడానికి వీలుగా ఉంటుంది.

ఆశీస్సులతో,
మాస్టారు