మందు కొట్టినా అగ్గి తెగులు మచ్చలు పోవేం?

ప్రశ్న: సాంబ మసూరి రెండెకరాలు వేశాం. పిలకల దశలో ఆకుల మీద మచ్చలు కనిపిస్తే బలం చాలదనుకొని ఎకరాకు కట్ట యూరియా చల్లాం. వారంలో మచ్చలు కమ్మేశాయి. ట్రైసైక్లజోల్ కొట్టి ఐదు రోజులైంది, పోలేదు. మందు కల్తీదా?
– ఒక రైతు, తెనాలి

జవాబు: ఎండిన మచ్చను ఏ మందూ మళ్లీ పచ్చగా చేయదు. కొత్తగా విచ్చిన ఆకు చూడండి. అది శుభ్రంగా ఉంటే మందు పనిచేసినట్టే.

ముందు తెగులేదో తేల్చుకోండి. మచ్చ నూలుకండెలా రెండు కొసలా సన్నగా, మధ్యలో బూడిద రంగుతో ఉంటే అగ్గి తెగులు. నువ్వుగింజలా ఉంటే గోధుమ మచ్చ. ఆకు అంచు నుంచి అలలా పసుపెక్కి ఎండుతుంటే బ్యాక్టీరియా ఎండాకు తెగులు. దానికి ఈ మందు దండగ.

అగ్గి తెగులు శిలీంధ్ర బీజం మంచు తడికి ఆకు మీద మొలకెత్తుతుంది. మొలక కొసన చిన్న గుబ్బ కట్టి, దాని గోడకు మెలనిన్ అనే నల్లపూత వేసుకుంటుంది. లోపలి గ్లిసరాల్‌ను ఆ పూత బయటికి పోనివ్వదు, నీరు మాత్రం లోనికి చేరుతూనే ఉంటుంది. అలా ఒత్తిడి వాతావరణ పీడనానికి 80 రెట్ల దాకా పెరుగుతుంది. కారు టైరులో గాలికి ముప్పై రెట్ల పైమాటే! ఆ ఊపుతో సన్నటి మేకు దిగినట్టు ఆకులోకి దూరుతుంది. ట్రైసైక్లజోల్ అడ్డుకునేది ఆ నల్లపూతనే. పూత లేని గుబ్బకు ఆకును పొడిచే బలముండదు. ఇప్పటికే లోపలికి దిగిన శిలీంధ్రం మీద మాత్రం దాని ప్రభావం తక్కువ. అందుకే తొలి మచ్చలకే కొట్టాలి.

మీ విషయంలో అసలు దెబ్బ యూరియాది. మీ సాంబ మసూరికి (బీపీటీ 5204 అన్నా అదే) అగ్గి తెగులును తట్టుకునే గుణం ఎలాగూ లేదు. నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తబడుతుంది, చేను గుబురెక్కి మంచు పొద్దెక్కినా ఆరదు. ఇక యూరియా ఆపండి. మడి ఆరనివ్వకండి.

కొత్త ఆకుల మీదా మచ్చలొస్తుంటే లీటరుకు 1.5 మి.లీ. ఐసోప్రోథయోలేన్ కొట్టండి. ఎకరాకు 200 లీటర్ల నీళ్లు పట్టాలి. ట్యాంకులు తగ్గించి చిక్కగా కలిపితే అడుగాకులు తడవవు. వెన్ను బయటపడే వేళ రాత్రులు చల్లబడి మంచు పడుతుంటే, మెడవిరుపు (అగ్గి తెగులు వెన్ను మెడకు సోకడం) రాకుండా లీటరుకు 0.6 గ్రాముల ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి, అంటే ఎకరాకు 120 గ్రాములు కొట్టండి.

ప్రశ్న: మెడవిరుపు వచ్చిన చేలో వడ్లు విత్తనానికి ఉంచుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: వద్దు, శిలీంధ్రం గింజతోనే వస్తుంది. తప్పనిసరైతే తాలు తేల్చి పారేసి, కిలో విత్తనానికి లీటరు నీళ్లలో గ్రాము కార్బండజిమ్ కలిపి 24 గంటలు నానబెట్టి, తర్వాత మండె కట్టండి.