బండి యాడ తిరిగిందో అడగండి

ప్రశ్న: మాది పొదిలి. ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్నాను. ఇంటి నుంచి బడికి 11 కి.మీ. నెలకోసారి నాన్నగారిని ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఏడాదికి రెండుసార్లు తిరుమల పోతాం. ఆయనకు మోకాళ్ల నొప్పులు, కిందికి ఉండే కార్లలోంచి లేవలేరు. అందుకే పాత డీజిల్ చిన్న ఎస్‌యూవీ చూస్తున్నాను. రెండు నచ్చాయి. ఒకటి 2018 మారుతి విటారా బ్రెజా, ఏపీ27 నంబరు, 92,000 కి.మీ. తిరిగింది, చీమకుర్తి గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజరుది, 6,20,000 చెబుతున్నారు. రెండోది 2021 కియా సోనెట్, 41,000 కి.మీ., ఒంగోలులో ఒక డాక్టరుగారిది, 8,10,000. తక్కువ తిరిగింది, డాక్టరుగారి బండి, కాస్త లోను పెట్టయినా సోనెటే తీసుకోమంటున్నారు ఇంట్లో. మీరేమంటారు?

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరంలో నేను గీత గీసుకున్న అంకె 92,000 కాదు, 41,000 కాదు. మీ బడి దూరం, 11.

సోనెట్ మంచి బండి. మన పెనుకొండ దగ్గరే తయారవుతుంది, దాని 1.5 లీటర్ల డీజిల్ ఇంజినంటే నాకూ ఇష్టం. కానీ 2020 ఏప్రిల్ 1న బీఎస్‌6 అనే కాలుష్య నిబంధన వచ్చాక డీజిల్ కార్ల పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అని ఒక జల్లెడలాంటిది పెడుతున్నారు. ఇంజిను వదిలే మసిని అది పట్టుకుంటుంది. నిండాక ఆ మసిని బండి తనంతట తానే కాల్చుకోవాలి. అందుకు లోపల 600 డిగ్రీల దాకా వేడి పుట్టాలి. అంత వేడి పుట్టాలంటే బండి ఆగకుండా, మంచి వేగంలో, పదిహేను ఇరవై నిమిషాలు పరుగెత్తాలి. మీరు పొద్దున బండి తీసి, గేదెల మందను తప్పించుకుని, స్పీడు బ్రేకర్లు దాటి, ఇంజిను ఒంటికి వేడి పట్టేసరికి బడి గేటు వస్తుంది. ఇంజిను ఆపేస్తారు. కాలుతున్న మసి సగంలో ఆగిపోతుంది. సాయంత్రమూ అంతే, రేపూ అంతే. పైగా మసిని కాల్చడం కోసం ఇంజిను అదనంగా చల్లే డీజిల్ కొంత సిలిండరు గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ కొలిచే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీసి చూస్తే ఆయిల్ పై గీత దాటి ఉంటుంది, వాసన చూస్తే డీజిల్ కొడుతుంది. ఆయిల్ పలచబడితే ఇంజినులోకి గాలి నెట్టే టర్బోకీ, బేరింగులకీ చేటు.

ఇక డాక్టరుగారి బండి అంటే నమ్మకం అందరికీ ఉంటుంది, నాకూ ఉండేది. కానీ ఆ బండి ఏం చేసుంటుందో ఆలోచించండి. ఇంటి నుంచి ఆసుపత్రి, ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రి, రాత్రి ఒక ఎమర్జెన్సీ కేసు. అన్నీ రెండు మూడు కిలోమీటర్లు. అలా కూడబెట్టిన 41,000 కన్నా ఒంగోలు నుంచి నెల్లూరుకు హైవే మీద రోజూ తిరిగిన లక్ష కిలోమీటర్లే డీజిల్ ఇంజినుకు ఆరోగ్యం. డాక్టరుగారు వారం వారం హైదరాబాదు పోయి వచ్చేవారైతే నా మాట మార్చుకుంటాను. అది అడగండి. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అందరూ అడుగుతారు, యాడ తిరిగిందని అడిగేవాళ్లు లేరు.

బ్రెజాకు ఆ జల్లెడ బాధ లేదు, అది అంతకు ముందరి నిబంధన, బీఎస్‌4 బండి. 2016లో వచ్చింది, 2020 ఏప్రిల్‌తో మారుతి డీజిలే మానేసింది. లోపల ఉన్నది ఫియట్ డిజైను 1.3 లీటర్ల ఇంజిను, స్విఫ్ట్‌లో, డిజైర్‌లో ఉన్నదే. ఆ ఇంజినులో చెయ్యి పెట్టని మేస్త్రీ మన జిల్లాలో ఉండడు. సామాను కూడా దొరుకుతుంది.

కానీ దానికి వేరే భయం ఉంది. చీమకుర్తి. గెలాక్సీ రాయి మన జిల్లాకు అన్నం పెట్టింది, కాదనను. ఆ రాతి పొడి మాత్రం ఇంజినుకు విషం. క్వారీలో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు పుస్తకంలో రాసిన గడువు దాకా ఆగదు, చాలా ముందే మూసుకుపోతుంది. మార్చకుండా తోలితే పొడి లోపలికి పోయి టర్బో రెక్కల అంచులు అరిగిపోతాయి, తర్వాత పిస్టన్ రింగులు. అందుకని మొదట ఒక పని చేయండి. ఫిల్టరు డబ్బా తెరిచి, ఫిల్టరు దాటాక ఇంజిను వైపు పోయే రబ్బరు గొట్టంలో వేలు పెట్టి తుడవండి. కాస్త ఆయిల్ చెమ్మ తగిలితే ఫరవాలేదు. బూడిద రంగు పొడి గరగరా తగిలిందా, బేరం అక్కడితో ఆపేసి టీ తాగి వచ్చేయండి. రేటు ఎంత తగ్గించినా వద్దు.

వేలు శుభ్రంగా వస్తే మిగతావి చూద్దాం. పొద్దున ఆరింటికి వస్తున్నానని చెప్పి అయిదున్నరకే వెళ్లండి. బానెట్ మీద చెయ్యి వేస్తే చల్లగా ఉండాలి. వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం, ఇంకోరోజు రండి. చల్లటి ఇంజిను ఒకటి రెండు తిప్పుళ్లకే అందుకోవాలి. పొగ చూడండి. నీలంగా వస్తే ఆయిల్ తాగుతోంది. నల్లగా, అదీ గట్టిగా తొక్కినప్పుడల్లా కుమ్మరిస్తుంటే డీజిల్ చల్లే ఇంజెక్టర్లలోనో, గాలి దారిలోనో తేడా ఉంది. తెల్లపొగ వేడెక్కినా తగ్గకపోతే కూలెంట్ లోపలికి పోతుండొచ్చు. ఇంజిను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తిప్పి, ఊరికే దాని మీద పెట్టండి. మూత సన్నగా వణికితే సరే, ఎగిరి పడుతుంటే, ఆవిరి గుప్పుమంటుంటే రింగులు పోయినట్టే.

తర్వాత రోడ్డు మీద నాలుగో గేరులో 40 వేగం దగ్గర ఒక్కసారి గట్టిగా తొక్కండి. ఇంజిను తిప్పుళ్లు చూపే ఆర్‌పీఎం ముల్లు పైకి లేచి బండి మాత్రం అందుకోకపోతే క్లచ్ ప్లేటు అయిపోయింది. ఈ ఇంజినుకు 1,800 ఆర్‌పీఎం లోపల బద్ధకం సహజం, దాన్ని జబ్బు అనుకోకండి.

92,000 నిజమో కాదో తేల్చడానికి మీటరు ఒక్కటే సాక్ష్యం కాదు. సర్వీసు సెంటరులో ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లని రాసి ఉందో తీయించండి. టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. 2018 బండికి మొదటి టైర్లే ఉన్నాయని చెప్పి, గుర్తు 2022 చూపిస్తుంటే ఆ మనిషి చెప్పే మిగతా మాటల్ని కూడా తూకం వేసుకోవాలి.

డబ్బు లెక్క కూడా చెబుతాను. మీ తిరుగుడు, మిగతా చిల్లర పనులు కూడా కలిపితే, ఏడాదికి 8,500 కి.మీ. అవుతుందనుకుందాం. పెట్రోలు బండితో పోలిస్తే డీజిల్ మీద కిలోమీటరుకు రెండు రూపాయలు మిగిలిందనుకున్నా 17,000. ఇంజెక్టర్లో, టర్బోనో ఒక్కసారి పని పెడితే ఆ మిగులు తుడిచిపెట్టుకుపోతుంది. అందుకని ఈ బ్రెజా పరీక్ష నెగ్గితే 6 లక్షల లోపు బేరమాడి తీసుకోండి. నెగ్గకపోతే ఇంకో డీజిల్ వెతకొద్దు, మీకు పెట్రోలు బండే సరి. లోను మాత్రం పెట్టకండి.

ఏ బండయినా సరే, బయానా ఇచ్చేముందు నాన్నగారిని తీసుకెళ్లి రెండుసార్లు ఎక్కించి దించండి. మోకాళ్ల నొప్పులవాళ్లకు కిందికి ఉన్న సీటు ఎంత కష్టమో మరీ ఎత్తయిందీ అంతే కష్టం. మా అమ్మకు నేను పీట వేసి ఎక్కించేవాణ్ణి.

ప్రశ్న: ఉలవపాడు నుంచి రాస్తున్నానన్నా. మాకు మామిడి తోట, రెండు రొయ్యల చెరువులు ఉన్నాయి. 2017 ఫోర్డ్ ఎకోస్పోర్ట్ డీజిల్ తక్కువలో వస్తోంది. రొయ్యల మేత వ్యాపారం చేసే ఆయన వాడారు. ఫోర్డ్ కంపెనీ ఎత్తేశారు కదా, తీసుకోవచ్చా?

జవాబు: అమ్మా, ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీ ఆపుతున్నట్టు 2021 సెప్టెంబరులో చెప్పింది, సర్వీసూ సామానూ మాత్రం ఉంటాయంది. ఉన్నాయి కూడా. కాకపోతే ఏదైనా పెద్ద సామాను కావాలంటే రోజులు ఆగాల్సి రావచ్చు. ఇంట్లో ఇంకో బండి ఉంటే ఇబ్బంది లేదు. ఇదొక్కటే ఆధారమైతే ఆలోచించుకోండి.

ఇంజిను గట్టిది. అయితే ఇందులో టైమింగ్ చైను కాదు, బెల్టు ఉంటుంది. గడువు దాటిన బెల్టు నడుస్తుండగా తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని ఇంజినే పోతుంది. బెల్టు మార్చిన బిల్లు చూపించమనండి. నోటిమాట వద్దు. బిల్లు లేకపోతే మారలేదనే లెక్క, ఆ ఖర్చు ధరలో తగ్గించుకుని, ఇంటికి తెచ్చిన వారంలోనే మార్పించండి.

నాకు అంతకన్నా దిగులు ఉప్పు. మేత బండి చెరువుగట్ల మీద తిరిగింది, ఉప్పు బురద అడుగున పట్టి ఉంటుంది. పైన పాలిష్ కొడితే అద్దంలా మెరుస్తుంది, ఉప్పు తినేది కింద. షెడ్డులో లిఫ్టు మీదికి ఎత్తించి, బ్రేకు పైపులు, సైలెన్సరు, ఫ్లోరు అంచులు, సస్పెన్షన్ చేతులు బిగించిన చోట్లు టార్చి వేసి చూడండి. పైపైన ఎర్రగా ఉంటే తుడిచి పూత వేయించొచ్చు. స్క్రూడ్రైవరు మొనతో పొడిస్తే పొలుసులుగా రాలితే వదిలేయండి. కొత్తగా నల్లటి పూత వేసి ఉంటే ఇంకా అనుమానించాలి. మీ చెరువులకూ ఇదే బండి తిప్పుతారు కాబట్టి వారానికోసారి అడుగుభాగం మంచినీళ్లతో కడిగించండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆ నీళ్లతో కాదు.

ప్రశ్న: గూడూరు. చెన్నైలో మనకన్నా లక్ష తక్కువకు దొరుకుతున్నాయి, తమిళనాడు నంబరు బండి తెచ్చుకోవచ్చా?

జవాబు: తెచ్చుకోవచ్చు. కానీ ముందు నా కథ వినండి.

2016 ఎండాకాలంలో మా బావమరిది చెన్నై నుంచి ఒక డీజిల్ చిన్న ఎస్‌యూవీ తెచ్చుకున్నాడు. బేరానికి నేనే వెంట వెళ్లాను. ఇంజిను చూశాను, గడియారంలా ఉంది. లోపల సెంటు వాసన ఘుమఘుమలాడుతుంటే శుభ్రంగా పెట్టుకున్నారని సంబరపడ్డాను. తీసుకో అని చెప్పింది నేనే. మూడు నెలల తర్వాత కావలి నుంచి ఒంగోలు వస్తూ, తెట్టు దాటాక, రాత్రి తొమ్మిది గంటలకు హెడ్‌లైట్లూ మీటర్లూ ఒక్కసారిగా ఆరిపోయాయి. వెనక లారీ. బండిలో పిల్లలు. దేవుడి దయ, లారీ డ్రైవరు తప్పించాడు. మర్నాడు షెడ్డులో కార్పెట్టు లేపితే కింద పల్చటి ఒండ్రు మట్టి, వైరింగు జాయింట్లలో పచ్చటి చిలుము. 2015 డిసెంబరు వరదలో మునిగిన బండి. రిపేరు ఖర్చులో సగం నేను పెట్టుకున్నాను, కానీ ఆ రాత్రి మా చెల్లెలు ఏడ్చిన ఏడుపు మాత్రం నన్ను వదల్లేదు.

అప్పట్నుంచి ఏ బండికీ ఇంజిను ముందు చూడను. సీటు బెల్టు చివరిదాకా లాగుతాను. బెల్టు చివరన బురద గీత ఉంటే మునిగిందే. సీటు కింది పట్టాల మీద తుప్పు, స్టెప్నీ గుంటలో మట్టి, ఫ్యూజు డబ్బా మూలల్లో ఇసుక, కార్పెట్టు ఎత్తితే మాగిన వాసన చూస్తాను. సెంటు ఎక్కువ కొట్టిన బండిని ఇంకా శ్రద్ధగా చూస్తాను. ఇన్సూరెన్సు పాలసీ నంబరు తీసుకుని పాత క్లెయిములేమైనా ఉన్నాయేమో కంపెనీలో అడిగిస్తాను. చెన్నై మళ్లీ 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు మునిగింది. మనదీ తక్కువేం కాదు, 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవేనే తెగిపోయింది కదా. నెల్లూరు నంబరు బండికీ ఇవే పరీక్షలు.

కాగితాల సంగతి. అక్కడి ఆర్‌టీఓ నుంచి అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ కాగితం, లోను ఉంటే బ్యాంకు తీరిందనే కాగితం, ఇక్కడ బండి వయసును బట్టి మళ్లీ లైఫ్ టాక్సు. ఆ టాక్సు ఎంతో ముందే లెక్క వేయించండి. మీరు చెప్పే లక్షలో చాలా భాగం అక్కడే పోవచ్చు.

ప్రశ్న: ఢిల్లీ నుంచి తొమ్మిదేళ్ల డీజిల్ బండ్లు సగం ధరకే తెచ్చి అమ్ముతున్నారు. ఎందుకంత చవక? – కందుకూరు పాఠకుడు

జవాబు: ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు రోడ్డెక్కరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ అంటే, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. 2025లో అదే కోర్టు ఆ పట్టు కొంత సడలించింది. ఆ గడువు భయంతో అమ్ముకున్నవాళ్ల బండ్లు ఇవి. మన దగ్గర ఆ పదేళ్ల నియమం లేదు, రిజిస్ట్రేషను 15 ఏళ్లు నడుస్తుంది. కాబట్టి చవకన్నంత మాత్రాన దొంగబండి అనుకోనక్కర్లేదు. కానీ ఎన్‌ఓసీ చేతికి రాకుండా, అది ఏ ఊరి ఆర్‌టీఓ పేరు మీద ఉందో చూడకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. ఢిల్లీ ట్రాఫిక్కులో తొమ్మిదేళ్లు నలిగిన క్లచ్చుకీ టర్బోకీ మీరే వారసులవుతారని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: ఆరు నెలల కిందట బండి అమ్మేశాను. కొన్నాయన పేరు మార్చుకోలేదు. చలానాలు నాకే వస్తున్నాయి. – ఆత్మకూరు

జవాబు: చలానాలు చిన్న సంగతి నాయనా. ఆ బండి ఎవరినైనా గుద్దితే ఆర్‌సీలో పేరున్న మీరే యజమాని. 2018లో సుప్రీంకోర్టు తీర్పు కూడా అదే. అమ్మిన 14 రోజుల్లో మీరు ఆర్‌టీఓకు తెలపాలి, కొన్నాయన 30 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. ఇన్సూరెన్సు కూడా ఆయన పేరుకు మారాలి. గమ్మున కూర్చోకుండా అమ్మకం కాగితం, డెలివరీ ఇచ్చిన తేదీ, టైము రాసిన రసీదు పట్టుకుని రేపే ఆర్‌టీఓ ఆఫీసుకు వెళ్లి రాతపూర్వకంగా ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. కొన్నాయనకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. ఫోన్లో తిట్టుకుంటే ఆధారం ఉండదు.