ప్లగిన్ల బండిల్ సేల్‌లో ఉంది, కొనేయాలా? ముందు ఫ్యాన్ ఆపి ఒకసారి పాడి చూడండి

సందేహం: ఇంట్లోనే భక్తి పాటలు పాడి రికార్డ్ చేసి యూట్యూబ్‌లో పెడుతుంటానండి. చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, కండెన్సర్ మైకు, ల్యాప్‌టాప్‌లో రీపర్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్). ఎంత బాగా పాడినా గొంతు ఎక్కడో దూరంగా, డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటోంది. ఒక కంపెనీ వాళ్ళు ఈక్యూ (బేస్, ట్రెబుల్ లాంటివి సరిచేసేది), కంప్రెసర్, రివర్బ్ (గొంతుకి మోత కలిపేది) లాంటి ప్లగిన్లు, అంటే రీపర్‌కి తగిలించుకునే చిన్న సాఫ్ట్‌వేర్లు, అన్నీ కలిపి బండిల్ సేల్‌లో పెట్టారు, పన్నెండు వేల దాకా అవుతుంది. కొంటే స్టూడియో సౌండ్ వస్తుందా? రీపర్‌తో పాటు వచ్చేవి చాలవా? (రాజమండ్రి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: కొనకండమ్మా, కనీసం ఇప్పుడే వద్దు. "దూరంగా, డబ్బాలోంచి వచ్చినట్టు" అని మీరు రాసిన ఆ ఒక్క ముక్కలోనే సగం జవాబు ఉంది. అది ప్లగిన్ లేక వచ్చిన లోటు కాదు, గది చేస్తున్న పని. మన ఇళ్ళల్లో కింద టైల్స్, పైన స్లాబు, చుట్టూ నున్నటి గోడలు, మీరు పాడింది ఒకసారి నేరుగా మైకులోకి వెళ్తుంది, మళ్ళీ గోడలకి తగిలి కాస్త ఆలస్యంగా ఇంకోసారి వెళ్తుంది, ఆ రెండూ కలిసిపోయాక శుభ్రంగా విడదీయడం ఎంత ఖరీదైన ప్లగిన్‌కైనా కష్టమే. పైగా దాని మీద కంప్రెసర్ పెడితే ఇంకా పాడవుతుంది, ఎందుకంటే కంప్రెసర్ గట్టిగా ఉన్నవాటిని తగ్గిస్తుంది, ఆ తగ్గినదాన్ని మనం మళ్ళీ పైకి లేపుతాం, దాంతో మీరు ఊపిరి పీల్చుకునే ప్రతిచోటా గది మోత, ఫ్యాను హోరు కూడా పైకి తేలతాయి.

ముందు ఈ పని చేయండి. హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి, వెనకాలే చిన్న మోత వినిపిస్తుంది. తర్వాత మంచం, పరుపు, కర్టెన్లు ఉన్న బెడ్రూమ్‌లోకి వెళ్ళి కొట్టండి, తేడా చెవికే తెలిసిపోతుంది. రికార్డింగ్ అక్కడ పెట్టుకోండి. చాలామంది మైకు వెనకాల ఫోమ్ ముక్కలు అంటిస్తారు గానీ కార్డియాయిడ్ మైకు ఎక్కువగా వినేది ముందువైపు, అంటే మీ వీపు వెనకున్న గోడకి తగిలి వచ్చేదే దాంట్లోకి నేరుగా వెళ్తుంది. కాబట్టి బొంత కట్టాల్సింది మీ వెనక. ఒక తాడు కట్టి మందంగా రెండు మడతలు వేసి, గోడకి జానెడు దూరంలో వేలాడదీస్తే చాలు. మైకు కూడా నోటికి జానెడు దూరంలో ఉండాలి, కొంచెం పక్కకి తిప్పి, లేకపోతే ప, బ, భ వచ్చిన చోటల్లా గాలి దెబ్బ తగుల్తుంది. మరీ దగ్గరకి వెళ్తే బేస్ పెరిగి గొంతు బొంగురుగా వినిపిస్తుంది. ఇక గెయిన్ (ఇంటర్‌ఫేస్‌లో మైకు శబ్దాన్ని పెంచే నాబ్), రికార్డింగ్ 24 బిట్‌లో పెట్టుకుని, గట్టిగా పాడే చోట మీటర్ మైనస్ 10 డీబీ దగ్గర ఆగేలా చూసుకోండి, ఎర్రలైటు దాకా తీసుకెళ్ళాల్సిన అవసరం అస్సలు లేదు.

నేను ఇదే మా ఇంట్లో చేసి చూశా. ఒకే చరణం హాల్లో ఫ్యాను కింద ఒకసారి, బెడ్రూమ్‌లో ఫ్యాను ఆపి వెనక బొంత కట్టి ఒకసారి. మొదటిదానికి నాలుగు ప్లగిన్లు వేశా, రెండోదానికి ఏమీ వెయ్యలేదు. ఏది ఏదో చెప్పకుండా ఇంట్లోవాళ్ళకి వినిపిస్తే ముగ్గురూ రెండోదే బావుందన్నారు.

ఆ తర్వాత రీపర్‌లో ఉన్నవి. రియాఈక్యూలో హై పాస్ (అడుగున గుమ్మనే శబ్దాలని కోసేది) 80, 90 హెర్ట్జ్ దగ్గర పెట్టండి, 300 నుంచి 500 మధ్యలో వెతికి డబ్బా శబ్దం ఎక్కడుందో పట్టుకుని అక్కడ మూడు డీబీలు తగ్గించండి. రియాకాంప్‌లో రేషియో 3 (హద్దు దాటిన శబ్దాన్ని మూడో వంతుకి తగ్గించడం), గట్టి చోట్ల నాలుగైదు డీబీలు తగ్గేలా. స, శ, చ చెవిలో గుచ్చుకుంటుంటే టీడీఆర్ నోవా అని ఫ్రీగా దొరుకుతుంది, అది డైనమిక్ ఈక్యూ, ఆ పై ఫ్రీక్వెన్సీలని అవి వచ్చినప్పుడు మాత్రమే తగ్గిస్తుంది. రివర్బ్‌కి వల్హల్లా సూపర్‌మాసివ్, అదీ ఫ్రీనే. ఫ్యాను ఆపలేని ఎండాకాలంలో రీపర్‌లోనే ఉన్న రియాఫిర్ సబ్‌ట్రాక్ట్ మోడ్‌లో పెట్టి, నాయిస్ ప్రొఫైల్ టిక్ పెట్టి, మీరు పాడని రెండు సెకన్లు మాత్రమే ప్లే చేసి వెంటనే ఆ టిక్ తీసేయండి. తీయడం మర్చిపోతే మీ గొంతుని కూడా నాయిస్ అనుకుని కోసేస్తుంది. ఇది ఒకేలా మోగే శబ్దానికే పనిచేస్తుంది, వీధిలో పోయే బండి హారన్‌కి కాదు.

మరి డెమో వీడియోల్లో ప్లగిన్ ఆన్ చేయగానే అంత బావుంటుందేం అంటారా, చాలాసార్లు అది శబ్దం పెంచుతుంది అంతే. రెండు డీబీలు పెరిగినా మన చెవికి "బాగుపడింది" అనిపిస్తుంది. ట్రయల్ వేసుకున్నప్పుడు అవుట్‌పుట్ తగ్గించి, ఆన్ చేసినా ఆఫ్ చేసినా లెవెల్ ఒకేలా ఉండేట్టు చేసుకుని అప్పుడు వినండి. ఇంకో పరీక్ష ఉంది, ఒకే ట్రాక్‌ని రెండు కాపీలు చేసి ఒకదానికి రియాఈక్యూ, ఇంకోదానికి కొనాలనుకుంటున్న ఈక్యూ, రెంటికీ ఒకే కర్వ్ పెట్టి, ఒక ట్రాక్‌కి ఫేజ్ బటన్ (శబ్ద తరంగాన్ని తలకిందులు చేసేది) నొక్కి రెండూ కలిపి ప్లే చేయండి. మామూలు డిజిటల్ ఈక్యూలైతే ఒకదాన్నొకటి కొట్టేసుకుని దాదాపు నిశ్శబ్దమే వస్తుంది, అంటే రెండూ ఒకటే పని చేస్తున్నాయన్నమాట. పాత మెషిన్లని అనుకరించేవి అలా రావు, కొంచెం శబ్దం మిగుల్తుంది, ఆ మిగిలిన దానికి పన్నెండు వేలు పెట్టాలనిపిస్తే అది మీ ఇష్టం.

కొనదగ్గవి లేవని కాదు. మీరు పాడే పాటల్లో గమకాలుంటాయి కదా, ఆటోమేటిక్ పిచ్ కరెక్షన్‌ని స్పీడ్‌గా పెడితే గమకాన్ని తప్పుగా అనుకుని చదును చేసేస్తుంది, పాట ప్రాణం పోతుంది. మెలోడైన్ లాంటి శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్లలో తప్పిన ఒక్క స్వరాన్నే పట్టుకుని సరిచేసి మిగతాది ముట్టుకోకుండా వదిలేయొచ్చు. మళ్ళీ పాడే వీల్లేనప్పుడు దానికి డబ్బు పెట్టొచ్చు. అలాగే వీణ, మృదంగం, తబలా శాంపిల్ లైబ్రరీలు (ముందే రికార్డ్ చేసిన వాయిద్యాల శబ్దాలు), ఇవి రీపర్‌తో రావు. వీటిలో ఒక్కటి జాగ్రత్త, కొన్ని లైబ్రరీలు ఫ్రీగా దొరికే, ఆ శబ్దాలని వాయించే కాంటాక్ట్ ప్లేయర్‌లో పనిచేయవు, పూర్తి కాంటాక్ట్ కొనమంటాయి, కొనేముందు ఆ లైను చదవండి. అయినా మీ ఊళ్ళో మృదంగం వాయించేవాళ్ళు దొరికితే ఆ డబ్బు వాళ్ళకిచ్చి ఒక పూట వాయించమనడమే నాకు ఇష్టం, పాట వేరేగా ఉంటుంది.

లైసెన్స్ శాశ్వతమా, నెలనెలా కట్టాలా అన్నది కూడా చూడండి. 2023 మార్చిలో వేవ్స్ అనే ప్లగిన్ల కంపెనీ ఉన్నట్టుండి ఇక సబ్‌స్క్రిప్షన్ మాత్రమే అని ప్రకటించింది, వాడేవాళ్ళంతా గట్టిగా గొడవ చేస్తే కొద్ది రోజుల్లోనే శాశ్వత లైసెన్సులు వెనక్కి తెచ్చింది. డాలర్లలో కడితే కార్డు ఫారెక్స్ చార్జీ అదనం, సేల్ ధర చూసేప్పుడు అది కలుపుకోండి. అన్నట్టు రీపర్ 60 రోజులు వాడి చూడమంటుంది, తర్వాత సొంతానికి వాడుకునేవాళ్ళకి లైసెన్స్ 60 డాలర్లు, మీరింకా కట్టకపోతే ముందు అది కట్టండి, రోజూ వాడేది అదే కదా.

బొంత కట్టకముందు పాడిన ముక్క, కట్టాక పాడిన ముక్క, రెండూ ఏ ప్లగినూ వెయ్యకుండా నాకు పంపండి. అప్పటికీ డబ్బా శబ్దం పోకపోతే మైకు సంగతి చూద్దాం.