బూడిదరంగు చూడగానే విషాదం అనేయకు

తమ్ముడూ,

జర్మన్ చిత్రకారుడు ఫ్రీడ్రిష్ వేసిన ‘సముద్రతీరాన సన్యాసి’ మీద నువ్వు రాసింది చదివాను. ఆకాశం బూడిదరంగు అంటూ మొదటి పేరాలోనే ఒంటరితనం, విషాదం, అనంతం మూడూ తెచ్చేశావు. బొమ్మలో ఏముందో మాత్రం నాలుగో పేరా దాకా రాలేదు. ఆ వరస తిరగెయ్యి.

ముందు కొలతలు. కాన్వాసు ఎత్తు సుమారు 110 సెంటీమీటర్లు, వెడల్పు 171. అందులో ముప్పాతికకు పైగా ఆకాశమే. దాని కింద సన్నటి నల్లని పట్టీలా సముద్రం, ఆ కింద పాలిపోయిన ఇసుక. ఇంత బొమ్మలో గట్టిగా నిలువుగా కనబడేది ఆ సన్యాసి ఒక్కడే. మామూలుగా ఇలాంటి చిత్రాల్లో ఒక పక్కన చెట్టో బండరాయో పెడతారు, కన్ను దాన్ని పట్టుకుని లోపలికి పోతుంది. ఇక్కడ ఆ ఆసరా లేదు. చూసేవాడికి కలిగే బెదురు అందులోంచి వస్తుంది.

ప్రతీకల జోలికి వెళ్లేటప్పుడు ‘ఓడ అంటే జీవితం, ఎండిన చెట్టు అంటే మరణం’ లాంటి పట్టికలు పక్కన పెట్టు. చిత్రకారుడు ఏం తీసేశాడు, ఏం మార్చాడు, అక్కడ వెతుకు. పరారుణ కిరణాలతో పరీక్షిస్తే ఈ సముద్రం మీద ఆయన మొదట ఓడలు గీశాడని తేలింది. తర్వాత కప్పేశాడు. ఓడ ఉంటే ఎవరో వస్తున్నారనో పోతున్నారనో కథ మొదలవుతుంది. ఇప్పుడు ఆ మనిషికి ఎదురుచూడ్డానికేమీ లేదు. ‘శూన్యం’ అన్నావే, దానికి ఆధారం ఇదీ. మరణం ఊసెత్తాలంటే మాత్రం ఈ ఒక్క బొమ్మ చాలదు. 1810లో బెర్లిన్ అకాడెమీ ప్రదర్శనలో దీనికి జంటగా ఆయనదే ఇంకో బొమ్మ పెట్టారు: ఓక్ చెట్ల మధ్య పాడుబడ్డ మఠం, శవపేటిక మోసుకెళ్తున్న సన్యాసులు. రెండూ కలిపి చదువు.

ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ 1839లో చూపిన ‘ఫైటింగ్ టెమరేర్’ బొమ్మ దగ్గరా ఇదే పద్ధతి. ట్రఫాల్గర్ సముద్రయుద్ధంలో పోరాడిన టెమరేర్ ఓడను 1838లో విడగొట్టడానికి థేమ్స్ నది మీద లాక్కుపోయేనాటికే తెరచాప కొయ్యలు తీసేశారు. టర్నర్ వాటిని మళ్లీ నిలబెట్టాడు. లాగినవి రెండు ఆవిరి పడవలైతే ఒక్కటే ఉంచి, దాన్ని నల్లగా, ఓడను దయ్యంలా తెల్లగా వేశాడు. ఇవి చూపించాక ‘ఒక యుగం అస్తమించింది’ అను, ఒప్పుకుంటాను. ఉత్త సూర్యాస్తమయం చూసి అంటే ఆ మాట ఏ క్యాలెండర్ బొమ్మకైనా అతుకుతుంది.

ఇక సన్యాసి బొమ్మలో బూడిదరంగు సంగతి. నువ్వు చూసింది పాత ఫోటో అనుకుంటాను. 2016 నాటికి ముగిసిన శుద్ధిలో పసుపెక్కిన వార్నిష్ తీసేశాక ఆకాశం పైభాగంలో నీలం తేటగా బయటపడింది. కొత్త ఫోటో సంపాదించి, ఆకాశం గురించిన పేరా మళ్లీ రాసి పంపు.

ఉంటాను.