స్టార్ క్వార్టర్‌బ్యాక్‌ని వదులుకుంటే లాభమా? మేనల్లుడికి రాసిన ఉత్తరం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ మెయిల్ నిన్న రాత్రి చదివాను. బంతి విసిరి ఆట నడిపించే స్టార్ క్వార్టర్‌బ్యాక్‌ని ట్రేడ్ చేసేస్తే, అంటే వేరే జట్టుకిచ్చి బదులు పుచ్చుకుంటే, అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు లాభమా, నష్టమా అని మీ స్పోర్ట్స్ అనలిటిక్స్ క్లాసులో ప్రాజెక్ట్ ఇచ్చారని రాశావు. ట్రేడ్‌కు ముందు సీజన్, తర్వాత సీజన్ గెలుపోటములు పక్కపక్కన పెట్టి తేల్చేస్తానన్నావు. పట్టిక వేసుకో, వద్దనను. దాన్ని చూసి తీర్పు మాత్రం ఇవ్వకు.

గ్రీన్ బే సంగతి చూడు. 2007లో అక్కడి జట్టు ప్యాకర్స్ 13 ఆటలు గెలిచి 3 ఓడారు, కాన్ఫరెన్స్ ఫైనల్, అంటే సెమీఫైనల్ దాకా వెళ్లారు. 2008 మార్చిలో వాళ్ల స్టార్ క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్ రిటైర్ అవుతున్నానన్నాడు. ఎండాకాలం వచ్చేసరికి మనసు మార్చుకుని మళ్లీ ఆడతానన్నాడు. ఈలోపు జట్టు ఆరన్ రోజర్స్‌కి ఆ స్థానం ఇచ్చేయాలని నిశ్చయించుకుంది. ఆగస్టులో ఫార్వ్‌ని న్యూయార్క్ జెట్స్‌కి పంపేశారు. జట్టును కూర్చే జనరల్ మేనేజర్ టెడ్ థాంప్సన్‌ని అభిమానులు తిట్టని తిట్టు లేదు. ఆ ఏడాది 6 గెలిచి 10 ఓడారు. నీ పట్టిక ప్రకారం ఇది ఘోరమైన బేరం. కానీ 2011 ఫిబ్రవరిలో అదే రోజర్స్ పిట్స్‌బర్గ్ మీద 31-25తో సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, గెలిపించాడు. ఫార్వ్‌కి బదులుగా గ్రీన్ బేకి చివరికి దక్కిందేమిటో తెలుసా? ఒక్క థర్డ్ రౌండ్ పిక్. పిక్ అంటే ఏటా జరిగే డ్రాఫ్ట్‌లో కాలేజీ కుర్రాళ్లలో ఒకరిని ఎంచుకునే వంతు, రౌండ్ ఎంత ముందైతే దానికి అంత విలువ. బేరంలో చేతికొచ్చింది అంతంతమాత్రం, జట్టుకు కలిగిన మేలు మాత్రం కొండంత.

అందుకే నేను చెప్పేది ఒకటే. ఎన్ని ఫస్ట్ రౌండ్ పిక్‌లు వచ్చాయన్నది తర్వాత చూడు. స్టార్ వెళ్లిపోయాక బంతి ఎవరి చేతికి వచ్చిందో ముందు చూడు. మూడు ఫస్ట్ రౌండ్ పిక్‌లు వచ్చినా బంతి విసిరేవాడు లేకపోతే ఆ జట్టు ఏళ్ల తరబడి వెతుక్కుంటూనే ఉంటుంది.

మా డెట్రాయిట్ కథ దీనికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ. మావాణ్ణి గురించి నేనే గొప్ప చెప్పుకుంటున్నానని నీకు అనిపించొచ్చు, అనిపించనీ. మా క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్ అంటే ఇక్కడ ఎంత ప్రేమో బయటివాళ్లకు తెలియదు. 2008లో మా జట్టు లయన్స్ పదహారు ఆటలకు పదహారూ ఓడారు. ఆ మరుసటి ఏడు డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌గా వచ్చాడు ఈ కుర్రాడు. ఆ నవంబర్‌లో క్లీవ్‌లాండ్‌తో ఆట చివరి క్షణంలో గట్టి దెబ్బ తగిలి ఎడమ భుజం జారిపోయింది. ఫౌల్ వల్ల ఇంకొక్క ప్లే, అంటే ఒక్క ప్రయత్నం, మిగిలింది. డాక్టర్లు వద్దంటున్నా వాళ్లను తప్పించుకుని మైదానంలోకి పరిగెత్తి బంతిని చివరి గీత దాటించే టచ్‌డౌన్ పాస్ విసిరాడు. 38-37తో గెలిచారు. ఆ ఒక్క ప్లేతో ఊరు అతనికి దాసోహమైంది. అయినా పన్నెండు సీజన్లలో ప్లేఆఫ్స్‌లో ఒక్క ఆటా గెలవలేదు. తప్పు అతనిది కాదని ఇక్కడ చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు.

2021 జనవరిలో తనను వేరే జట్టుకు పంపమని స్టాఫర్డే అడిగాడు. అప్పుడే బ్రాడ్ హోమ్స్ జనరల్ మేనేజర్‌గా, డాన్ క్యాంప్‌బెల్ కోచ్‌గా వచ్చారు. ఆ నెలాఖరుకే లాస్ ఏంజెలిస్ రామ్స్‌తో బేరం కుదిరింది. డెట్రాయిట్‌కి 2022, 2023 ఫస్ట్ రౌండ్ పిక్‌లు, 2021 థర్డ్ రౌండ్ పిక్, వాటితో పాటు వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జేరెడ్ గాఫ్. "వాటితో పాటు" అని ఎందుకన్నానంటే ఆ రోజు అందరూ అలాగే మాట్లాడారు. గాఫ్‌కి రామ్స్ 2019లో నాలుగేళ్లకు 13.4 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చి ఉన్నారు. ఆ బరువు దించుకోవడానికే ఒక పిక్ ఎక్కువిచ్చి అతన్ని మనకు అంటగట్టారని టీవీలో, ఆఫీసులో, గుడి పార్కింగ్‌లో కూడా ఇదే మాట. సూపర్ బౌల్ దాకా వెళ్లొచ్చిన క్వార్టర్‌బ్యాక్‌ని కొసరు కింద లెక్కేశారు.

2022 ఫిబ్రవరిలో స్టాఫర్డ్ రామ్స్‌కి సూపర్ బౌల్ గెలిపించాడు. అదే సీజన్‌లో మేము 3 గెలిచి, 13 ఓడి, ఒకటి సమం చేసుకున్నాం. మొదటి గెలుపు డిసెంబర్‌లో వచ్చింది, అదీ చివరి ప్లేలో. ఆ రోజు నీ పట్టిక వేసి ఉంటే హోమ్స్ ఉద్యోగం పోవాలి. పోలేదు. క్యాంప్‌బెల్‌కి ఆరేళ్లు, హోమ్స్‌కి అయిదేళ్లు కాంట్రాక్ట్ ఇచ్చి ఓనర్లు ఓపిక పట్టారు. ఈ విషయం నీ రిపోర్ట్‌లో తప్పకుండా రాయి. ఇలాంటి బేరం ఫలించడానికి మూడేళ్లు పడుతుంది. చాలాచోట్ల పిక్‌లు ఎదిగి ఆడే వేళకు వాటిని తెచ్చినవాడే ఉండడు.

2023 సీజన్‌లో 12 గెలిచారు, ముప్ఫై ఏళ్ల తర్వాత డివిజన్ టైటిల్ వచ్చింది. ప్లేఆఫ్స్ మొదటి ఆటకు మా ఊరికి ఎవరొచ్చారు? రామ్స్, స్టాఫర్డ్. 2024 జనవరి 14, ఆదివారం రాత్రి. ఆ రోజు భోగి. సాయంత్రం పిల్లలకు భోగిపళ్లు పోసి, వచ్చినవాళ్లకు భోజనాలు పెట్టి, ఎనిమిది దాటాక అందరం టీవీ ముందు చేరాం. కార్పెట్ మీద ఇంకా రేగిపళ్లు, చిల్లర పడే ఉన్నాయి. మా ఫోర్డ్ ఫీల్డ్ స్టేడియంలో స్టాఫర్డ్ కనిపించగానే జనం వెక్కిరిస్తూ గోల చేశారు, నాకు అది నచ్చలేదు. ఆ వెంటనే "జేరెడ్ గాఫ్, జేరెడ్ గాఫ్" అని ఊగిపోయారు. స్టాఫర్డ్ 367 గజాలు విసిరాడు, నిజానికి ఆ రాత్రి అతనే గొప్పగా ఆడాడు. గాఫ్ 27 విసిరితే 22 అందాయి. 24-23 మీద ఉండగా, చివరి రెండు నిమిషాల్లో పాస్‌లు అందుకునే మా సెయింట్ బ్రౌన్‌కి ఒక పాస్ అందించి ఫస్ట్ డౌన్ తెచ్చుకున్నాడు, అంటే బంతి మా దగ్గరే ఉండిపోయింది, ఇక గడియారం అయిపోయేదాకా మోకాలు నేలకు ఆనించి కాలం గడపడమే. ముప్ఫై రెండేళ్లలో మాకు మొదటి ప్లేఆఫ్ గెలుపు అది. గొప్పవాడు వెళ్లిపోయాడు, సరిపోయేవాడు వచ్చాడు, చుట్టూ జట్టు తయారైంది. ఆ ఆటలో ఇదంతా ఒకేచోట కనిపిస్తుంది. వీలైతే పూర్తి ఆట చూడు, హైలైట్స్‌తో సరిపెట్టకు.

ఇప్పుడు పిక్‌ల లెక్క. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. 2022లో రామ్స్ ఛాంపియన్లు కాబట్టి వాళ్ల పిక్ 32వది. మరుసటి సీజన్‌లో వాళ్లు 5 గెలిచి 12 ఓడారు, స్టాఫర్డ్ సగం సీజన్ దెబ్బలతో కూర్చున్నాడు, అందుకని రెండో పిక్ 6వదైంది. డాలస్‌లో కోచ్ జిమ్మీ జాన్సన్ కాలం నుంచి వాడుతున్న పాయింట్ల చార్ట్‌లో 32వ పిక్ విలువ 590, 6వ పిక్ విలువ 1600. అంటే కొనుక్కున్న జట్టు ఎంత కుదేలైతే అమ్మిన జట్టుకు అంత లాభం. ఇది హోమ్స్ తెలివి కాదు, అదృష్టం. రిపోర్ట్‌లో దాన్ని అదృష్టమనే రాయి.

ఇంకొకటి. 32వ పిక్‌తో జేమ్సన్ విలియమ్స్ వచ్చాడని అందరూ రాసేస్తారు. అలా కాదు. మిన్నెసోటాకి 32తో పాటు మా సొంత 34, 66 కూడా ఇచ్చి 12, 46 తెచ్చుకున్నాం, ఆ 12తో విలియమ్స్‌ని తీసుకున్నాం. అలాగే 6, 81 ఇచ్చి అరిజోనా దగ్గర 12, 34, 168 తెచ్చుకున్నాం, 12తో జమీర్ గిబ్స్, 34తో శామ్ లపోర్టా. వీళ్లందరినీ పూర్తిగా స్టాఫర్డ్ ఖాతాలో వేస్తే లెక్క ఉబ్బిపోతుంది. పినేయ్ స్యూవెల్, ఐడన్ హచిన్సన్ అసలు ఈ ట్రేడ్‌కు సంబంధం లేనివాళ్లు, మా సొంత పిక్‌లు. సెయింట్ బ్రౌన్ నాలుగో రౌండ్‌లో దొరికాడు. 2024లో 15 ఆటలు గెలవడానికి కారణం ట్రేడ్ ఒక్కటే అని రాస్తే మీ ప్రొఫెసర్ అక్కడే పట్టుకుంటారు.

డబ్బు గురించి క్లుప్తంగా చెప్తాను. సైనింగ్ బోనస్ ఆటగాడికి ముందే ముట్టినా, శాలరీ క్యాప్ (జట్టు ఏడాదికి జీతాల మీద పెట్టగల ఖర్చుకు హద్దు) లెక్కలో దాన్ని కాంట్రాక్ట్ ఏళ్ల మీద పంచుతారు. ట్రేడ్ చేస్తే మిగిలిన వాయిదాలు మామూలుగా అన్నీ ఒకేసారి పాత జట్టు నెత్తిన పడతాయి. 2021లో డెట్రాయిట్‌కి అలా సుమారు 1.9 కోట్ల డాలర్లు పడింది, అప్పుడు మొత్తం క్యాప్ 18.25 కోట్లు. ఆ ఏడాది జట్టు బక్కగా ఉండడానికి ఇదొక కారణం. దానికి ఎదురు లాభం ఏమిటంటే, లీగ్‌కీ ఆటగాళ్లకీ మధ్య 2011లో కుదిరిన ఒప్పందం తర్వాత డ్రాఫ్ట్‌లో వచ్చిన కుర్రాళ్లు నాలుగేళ్లపాటు తక్కువ జీతానికి ఆడతారు.

సియాటిల్ కథ నీకు తెలిసిందే. 2022 మార్చిలో క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్‌ని డెన్వర్‌కి ఇచ్చి రెండు ఫస్ట్ రౌండ్, రెండు సెకండ్ రౌండ్ పిక్‌లు, ముగ్గురు ఆటగాళ్లను తెచ్చుకున్నారు. ఆ ముగ్గురిలో డ్రూ లాక్ అనే క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు, కానీ ఆడింది అప్పటికే బెంచ్ మీదున్న జీనో స్మిత్. సియాటిల్ 9 గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్తే డెన్వర్ 5 గెలిచింది. రెండేళ్లకు డెన్వర్ విల్సన్‌ని వదిలేసి 8.5 కోట్ల డాలర్ల భారం క్యాప్ మీద మోసింది. అక్కడా అంతే, పిక్‌లు పేపర్లో పడ్డాయి, సీజన్‌ని నిలబెట్టింది జీనో.

నా మాటకు అడ్డొచ్చే ఉదాహరణ కూడా ఇస్తున్నాను, దాచకు. 1964లో ఫిలడెల్ఫియా తన క్వార్టర్‌బ్యాక్ సనీ జర్గెన్‌సన్‌ని వాషింగ్టన్‌కి ఇచ్చి అక్కడి క్వార్టర్‌బ్యాక్ నార్మ్ స్నీడ్‌ని తెచ్చుకుంది. స్నీడ్ అప్పటికే ప్రో బౌల్ (ఏటా మేటి ఆటగాళ్లతో పెట్టే ఆట) ఆడినవాడు, కాబట్టి కాగితం మీద స్థానం ఖాళీ లేదు. అయినా జర్గెన్‌సన్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాడు, ఫిలడెల్ఫియాకి 1978 దాకా ఒకే ఒక్క మంచి సీజన్ వచ్చింది. పేరున్నవాడు వచ్చినంత మాత్రాన సరిపోదు, అతని చుట్టూ జట్టు కట్టేవాళ్లు కూడా ఉండాలి.

హ్యూస్టన్ ట్రేడ్ చేసిన డెషాన్ వాట్సన్‌ని మాత్రం నీ జాబితాలోంచి తీసెయ్. ఇరవై మందికి పైగా మహిళలు దావాలు వేసి, ఏడాదంతా ఆడని ఆటగాడి బేరం వేరే రకం. దాన్ని మిగతావాటితో కలిపితే సగటు పాడవుతుంది. సన్‌రైజర్స్ డేవిడ్ వార్నర్‌ని వదిలేసింది కదా అని పోల్చావు చూడు, అదీ కుదరదు. ఐపీఎల్‌లో వార్నర్ వెళ్తే హైదరాబాద్‌కి వేలంలో ఖర్చుపెట్టుకునే డబ్బు మిగిలింది తప్ప రేపటి డ్రాఫ్ట్ పిక్ ఏదీ రాలేదు.

ప్రెజెంటేషన్ పదిహేను నిమిషాలే అన్నావు కాబట్టి డెట్రాయిట్, గ్రీన్ బే, ఫిలడెల్ఫియా తీసుకో. సియాటిల్‌ని ప్రశ్నలు అడిగినప్పటికి చేతిలో ఉంచుకో. 1967లో మిన్నెసోటా ఫ్రాన్ టార్కెంటన్‌ని న్యూయార్క్ జెయింట్స్‌కి పంపి, అయిదేళ్లకు మళ్లీ అతన్నే తిరిగి తెచ్చుకున్న కథ నాకు చాలా ఇష్టం, కానీ అది మొదలుపెడితే నీ టైమంతా దానికే పోతుంది. స్లైడ్లు అయ్యాక పంపు, పిక్ నంబర్లు ఒకసారి నేను సరిచూస్తాను. థాంక్స్‌గివింగ్‌కి వస్తున్నావుగా, లయన్స్ ఆట మధ్యాహ్నమే మొదలవుతుంది, ఫ్లైట్ ముందు రోజుకే బుక్ చేసుకో. పులిహోర చెయ్యాలా, బిర్యానీ చెయ్యాలా అని మీ అత్తయ్య అడుగుతోంది, ఆవిడకే ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు
మీ మావయ్య
ఫార్మింగ్టన్ హిల్స్